ద్యుతీ చంద్: స్టేడియం చప్పట్లు కొట్టింది.. ఇల్లు తలుపేసింది! ఎందుకలా?

2019 మే 19. ఆదివారం. లోక్‌సభ ఎన్నికల ఆఖరి విడత పోలింగ్ జరుగుతోంది. సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ కోసం దేశమంతా టీవీల ముందు కూర్చోబోతోంది. అదే రోజు పొద్దున్నే ఓ ఇంగ్లీష్ పేపర్‌లో ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ గురించి ఓ వార్త వచ్చింది. తన ఊరికే చెందిన ఓ అమ్మాయిని ప్రేమిస్తున్నానని, ఆమెతోనే జీవితం పంచుకోవాలని అనుకుంటున్నానని ద్యుతి అందులో చెప్పింది.

అమ్మాయి పేరు మాత్రం చెప్పలేదు. తన వల్ల ఆమె నలుగురి నోళ్లలో పడటం ఇష్టం లేదంది.

అప్పటిదాకా, కెరీర్ మధ్యలో ఉండగా ఈ మాట బహిరంగంగా చెప్పిన భారత క్రీడాకారులు ఎవరూ లేరు. ఆడవాళ్లలో లేరు, మగవాళ్లలో లేరు. ఎనిమిది నెలల ముందే, 2018 సెప్టెంబర్ 6న, సుప్రీంకోర్టు సెక్షన్ 377పై తీర్పు ఇచ్చి స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. ఆ తీర్పు తనకు ధైర్యం ఇచ్చిందని ద్యుతి కూడా చెప్పింది. మరి చట్టం భయం పోయాక మిగిలిందేంటి?

మిగిలింది ఇల్లు.

'వరస' అడిగిన తల్లి

వార్త వచ్చిన రెండు మూడు రోజులకే ఛానళ్ల మైకులు ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్ గ్రామానికి చేరాయి. ద్యుతి తల్లి అఖూజీ చంద్ ఈ సంబంధానికి తాము ఒప్పుకోమని తేల్చేశారు. ఆమె చెప్పిన కారణం మాత్రం చాలామంది ఊహించింది కాదు. ఆ అమ్మాయి తన మేనకోడలి కూతురని, తనకు మనవరాలి వరస అవుతుందని, ఆ లెక్కన ద్యుతి ఆ పిల్లకు తల్లి వరస అవుతుందని, అలాంటప్పుడు ఇదెలా కుదురుతుందని ఆమె ప్రశ్న. తమది నేత పని చేసుకునే సంప్రదాయ కుటుంబమని, రేపు బంధువులకు ముఖం ఎలా చూపించాలని కూడా అడిగారు.

ఈ మాటలు తెలుగువాళ్లకు కొత్తేం కాదు. మన దగ్గరా పెళ్లి మాట రాగానే ముందు లెక్కేసేది వరసే, తర్వాత పరువు. ఇద్దరు ఆడపిల్లలు కలిసి బతకడం తప్పా ఒప్పా అనే చర్చ ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ జరిగి ఉండదు. అందుకే తల్లి తనకు తెలిసిన వాదనే తెచ్చినట్టు కనిపిస్తుంది.

అక్కడితో ఆగలేదు. అక్క సరస్వతీ చంద్ కూడా మీడియా ముందుకొచ్చారు. ఈ నిర్ణయం ద్యుతిది కాదని, అవతలి అమ్మాయి కుటుంబం ఒత్తిడి తెస్తోందని ఆమె ఆరోపణ. దానికి ద్యుతి గట్టిగానే జవాబిచ్చింది. అక్కే తనను బ్లాక్‌మెయిల్ చేస్తోందని, 25 లక్షల రూపాయలు అడిగిందని, అందుకే తనంతట తానే విషయం బయటపెట్టాల్సి వచ్చిందని చెప్పింది. ఎవరి మాట నిజమో బయటివాళ్లు తేల్చగలిగేది కాదు. కానీ ఒక్క విషయం గమనించాలి. ద్యుతి పరుగు మొదలుపెట్టిందే ఈ అక్కను చూసి. సరస్వతి కూడా అథ్లెటే. పరుగుతోనే ఉద్యోగం తెచ్చుకుని, చెల్లెలికి దారి చూపించింది ఆమే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ద్యుతి 100 మీటర్లు, 200 మీటర్లలో రెండు రజతాలు గెలిచింది. ఒడిశా ప్రభుత్వం పతకానికి 1.5 కోట్ల చొప్పున 3 కోట్ల రూపాయలు ప్రకటించింది. మగ్గం మీద బతికిన కుటుంబానికి అది ఊహకందని మొత్తం. ఇలాంటి ఇంట్లో సంపాదించే పిల్ల ఎవరితో బతుకుతుందన్నది ఆమె ఒక్కదాని విషయంగా ఉండదు. అది అబ్బాయిని ప్రేమించినా అంతే, అమ్మాయిని ప్రేమించినా అంతే. ఇక్కడ రెండు గొడవలూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

హైదరాబాద్‌తో లింకేంటి?

ద్యుతి పేరు తెలుగు రాష్ట్రాల్లో బాగా తెలియడానికి కారణం ఉంది. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది రోజుల ముందు ఆమెను జట్టులోంచి తప్పించారు. శరీరంలో సహజంగానే టెస్టోస్టిరాన్ హార్మోన్ ఎక్కువగా ఉందన్నది కారణం. అప్పటికి ఆమె వయసు 18. చాలామంది ముఖం చాటేసిన ఆ సమయంలో పుల్లెల గోపీచంద్ హైదరాబాద్‌లోని తన అకాడమీలో చోటిచ్చారు. తెలంగాణ కోచ్ నాగపురి రమేశ్ శిక్షణ ఇచ్చారు. బ్యాడ్మింటన్ అకాడమీలో ఉంటూ ట్రాక్ ప్రాక్టీస్ చేసిన అమ్మాయి ఆమె.

హార్మోన్ కేసును ద్యుతి స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు దాకా తీసుకెళ్లింది. 2015 జులైలో ఆ కోర్టు ఆమె పరిగెత్తొచ్చని చెప్పి, నిబంధననే సస్పెండ్ చేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్లలో ఆమె దిగింది. 1980లో పీటీ ఉష తర్వాత ఆ రేసులో భారత అమ్మాయి నిలబడటం అదే మొదటిసారి.

సోషల్ మీడియాలో ఇప్పటికీ నడిచే ఓ గందరగోళాన్ని ఇక్కడే విప్పాలి. 'హార్మోన్లు ఎక్కువ కాబట్టే అమ్మాయిని ఇష్టపడింది' అనే కామెంట్ ఆమె పోస్టుల కింద తరచూ కనిపిస్తుంటుంది. ఈ రెంటికీ సంబంధం లేదు. మొదటిది శరీరానికి సంబంధించిన విషయం. ఎవరిని ప్రేమిస్తామన్నది వేరే విషయం. హార్మోన్ సమస్య ఏమీ లేకుండా అమ్మాయిలను ఇష్టపడే అమ్మాయిలు ఉన్నారు. హార్మోన్ స్థాయి ఎక్కువగా ఉండి మగవాళ్లను పెళ్లి చేసుకున్న వాళ్లూ ఉన్నారు. ద్యుతి విషయంలో రెండూ ఒకే మనిషి జీవితంలో, ఐదేళ్ల తేడాతో వార్తలయ్యాయి. అంతే.

ఇంకో రకంగా చూస్తే మాత్రం ఆ పాత కేసుకు, ఈ మాటకు ఓ లింక్ ఉందనిపిస్తుంది. 18 ఏళ్లకే తన ఒంటి గురించి దేశమంతా మాట్లాడుకోవడం చూసిన అమ్మాయికి జనం నోళ్లంటే భయం ఎంత మిగిలి ఉంటుంది?

51 రోజుల తర్వాత..

వార్త బయటికొచ్చిన 51 రోజులకు, జులై 9న, ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల 100 మీటర్ల ఫైనల్ జరిగింది. ద్యుతి 11.32 సెకన్లలో గెలిచింది. ఆ పోటీల 100 మీటర్లలో స్వర్ణం నెగ్గిన తొలి భారత మహిళ ఆమే. నన్ను కిందకి లాగండి, మరింత బలంగా తిరిగొస్తా అనే అర్థం వచ్చేలా ట్వీట్ చేసింది. రాష్ట్రపతి, ప్రధాని అభినందించారు. ఆగస్టులో ప్యూమా కంపెనీ ఆమెతో ఒప్పందం చేసుకుంది. 2021 జూన్‌లో 11.17 సెకన్లతో తన జాతీయ రికార్డును తానే బద్దలు కొట్టింది.

అంటే ట్రాక్ మీద, ప్రభుత్వంలో, మార్కెట్‌లో ఆమెకు పెద్దగా నష్టం జరగలేదు. ఒకప్పుడు ఇది ఊహకు కూడా అందని విషయం. 1981లో అమెరికా టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్ ఓ మహిళతో సంబంధంలో ఉన్నట్టు ఒక దావా ద్వారా బయటపడింది. 24 గంటల్లో స్పాన్సర్లందరూ పోయారని ఆమె తర్వాత చెప్పుకున్నారు. నలభై ఏళ్లకు, 2021 జూన్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కార్ల్ నాసిబ్ తాను గే అని చెప్పాక ఏం జరిగిందో తెలుసా? ఓ పెద్ద ఆన్‌లైన్ స్టోర్‌లో ఆయన జెర్సీ ఆ లీగ్‌లోనే ఎక్కువగా అమ్ముడైంది.

మరి మగ ఆటగాళ్లెందుకు నోరు విప్పరు?

జెర్సీలు అమ్ముడవుతున్నా మగవాళ్ల టీమ్ గేమ్స్‌లో ఈ మాట చెప్పేవాళ్లను ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం తెలియాలంటే జస్టిన్ ఫషాను కథ తెలియాలి.

1981లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్ ఇతన్ని 10 లక్షల పౌండ్లకు కొంది. అంత ధర పలికిన తొలి నల్లజాతి ఫుట్‌బాలర్ ఇతనే. గే బార్లకు వెళ్తాడని తెలిసి మేనేజర్ బ్రయాన్ క్లఫ్ ఎగతాళి చేశాడు. మరుసటి ఏడాదే లక్షన్నర పౌండ్లకు వేరే క్లబ్‌కు అమ్మేశారు. 1990 అక్టోబర్‌లో ఫషాను ఓ పత్రికలో తాను గే అని ప్రకటించాడు. తమ్ముడు జాన్ కూడా ఫుట్‌బాలరే. అన్నతో తనకు సంబంధం లేదని బహిరంగంగా చెప్పేశాడు. 1998లో జస్టిన్ ప్రాణాలు తీసుకున్నాడు. ఇక్కడా గమనించండి, స్టేడియంలో తిట్లు ఒకవైపు, ఇంట్లో మాట ఇంకోవైపు.

బ్రిటన్‌లో ఆ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతూ ఈ మాట చెప్పిన మగ ఆటగాడు జేక్ డేనియల్స్. బ్లాక్‌పూల్ క్లబ్. వయసు 17. చెప్పింది 2022 మేలో. మధ్యలో దాదాపు 32 ఏళ్లు గడిచాయి. అన్నేళ్లలో ఇంగ్లండ్‌లో ఆడిన వేల మంది ఫుట్‌బాలర్లలో గే ఆటగాడే లేడని నమ్మడం కష్టం.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ యునైటెడ్ ఆటగాడు జోష్ కవాలో 2021 అక్టోబర్‌లో చెప్పాడు. ప్రపంచవ్యాప్తంగా పెద్ద క్లబ్బులన్నీ మెచ్చుకున్నాయి. మూడు నెలలు తిరగకుండానే ఓ మ్యాచ్‌లో స్టాండ్స్‌లోంచి బూతులు పడ్డాయి. 2022లో వరల్డ్ కప్ జరిగిన ఖతార్‌లో స్వలింగ సంబంధం నేరం. అక్కడ ఇంద్రధనస్సు రంగుల గుర్తున్న ఆర్మ్‌బ్యాండ్ కట్టుకుంటే ఎల్లో కార్డు తప్పదని ఫిఫా హెచ్చరించగానే ఏడు యూరప్ జట్లు వెనక్కి తగ్గాయి. కెప్టెన్లే ఓ గుడ్డ పేలిక కట్టుకోవడానికి ఆలోచించాల్సిన ఆటలో మామూలు ఆటగాడు తన జీవితం గురించి ఏం చెబుతాడు?

మన క్రికెట్ సంగతి

మహిళల క్రికెట్‌లో సీన్ పూర్తిగా వేరు. ఇంగ్లండ్ ప్లేయర్లు నాట్ సివర్, క్యాథరిన్ బ్రంట్ 2022లో పెళ్లి చేసుకున్నారు. దక్షిణాఫ్రికాకు చెందిన డేన్ వాన్ నీకెర్క్, మరిజాన్ కాప్ 2018లోనే దంపతులయ్యారు. డబ్ల్యూపీఎల్ తొలి వేలంలో నాట్ సివర్‌ను ముంబై ఇండియన్స్ 3.2 కోట్లు పెట్టి కొంది. కాప్ ఢిల్లీ క్యాపిటల్స్‌కు ఆడింది. వాళ్లు ఫోర్ కొడితే మన స్టేడియాల్లో విజిల్స్ పడ్డాయి. ఇంటికెళ్లాక ఎవరితో ఉంటారన్నది ఎవరికీ పట్టలేదు.

అదే మగవాళ్ల క్రికెట్‌లో? అంతర్జాతీయ క్రికెట్ ఆడిన వాళ్లలో 2011లో ఇంగ్లండ్ కీపర్ స్టీవెన్ డేవిస్ బయటపడ్డాడు. న్యూజిలాండ్ మాజీ పేసర్ హీత్ డేవిస్ 2022లో, రిటైరై ఎన్నో ఏళ్లయ్యాక చెప్పాడు. 2019 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ జేమ్స్ ఫాక్‌నర్ బర్త్‌డే ఫొటో పెట్టి, పక్కనున్న ఫ్రెండ్‌ను 'బాయ్‌ఫ్రెండ్' అని సరదాగా రాస్తే అది ప్రపంచ వార్త అయిపోయింది. తర్వాత అతను కాదని చెప్పాల్సి వచ్చింది, ఆస్ట్రేలియా బోర్డు సారీ చెప్పింది. భారత పురుషుల జట్టులో ఇప్పటిదాకా ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

మనవాళ్లు చప్పట్లు కొట్టింది విదేశీ అమ్మాయిలకు. వాళ్ల తల్లిదండ్రులు, బంధువులు మన ఊళ్లో ఉండరు. వరస అడిగేవాళ్లు ఉండరు. అదే అమ్మాయి మన జిల్లా నుంచి వస్తే ఇంత తేలిగ్గా తీసుకుంటారా అన్నది అనుమానమే. ద్యుతి కూడా ఆసియా పతకాలు, ప్రభుత్వ ఉద్యోగం, పేరు అన్నీ వచ్చాకే నోరు విప్పింది. జిల్లా స్థాయిలో పరిగెత్తే అమ్మాయికి, హాస్టల్ సీటు మీదే భవిష్యత్తంతా ఆధారపడ్డ అబ్బాయికి ఆ రక్షణ లేదు.

చట్టం ఎంతవరకు?

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభ వేడుకలో బ్రిటిష్ డైవర్ టామ్ డేలీ బ్యాటన్ పట్టుకుని వస్తుంటే, ఇంద్రధనస్సు జెండా పట్టుకుని నడిచిన వాళ్లలో ద్యుతి ఉంది. అప్పటికి కామన్వెల్త్‌లోని 56 దేశాల్లో 35 చోట్ల స్వలింగ సంబంధం నేరమే. మన దేశం ఆ లిస్టులోంచి బయటపడింది కానీ పెళ్లి దగ్గర ఆగిపోయింది. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు ఇచ్చే పని తమది కాదని, అది పార్లమెంటు చూసుకోవాలని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఆగస్టులో ఇలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవొచ్చని, నామినీగా పెట్టుకోవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టత ఇచ్చింది. బ్యాంకు ఫారంలో పేరు రాసుకోవచ్చు. భార్య అనో, భర్త అనో రాసుకునే వీల్లేదు.

ద్యుతి కెరీర్‌కు బ్రేక్ పడింది మాత్రం వేరే కారణంతో. 2022 డిసెంబర్‌లో భువనేశ్వర్‌లో తీసుకున్న శాంపిళ్లలో నిషేధిత పదార్థాలు దొరకడంతో నాలుగేళ్ల నిషేధం పడింది. అది డోపింగ్ కేసు. ఆమె ప్రేమతో గానీ, 2014 నాటి హార్మోన్ కేసుతో గానీ దానికి ఏ సంబంధమూ లేదు. 2023 జనవరి 3 నుంచి లెక్క వేసిన ఆ నిషేధం 2027 జనవరితో పూర్తవుతుంది. ఆ మరుసటి నెలలో ఆమెకు 31 ఏళ్లు నిండుతాయి.