పంచ్ పాత్ర, తాటాకు రేక

ఈ వేసవి సెలవులలో నాకు రెండు విందులు ప్రాప్తించినవి. మొదటిది హైదరాబాదులో ఒక శిష్యుడు చేసినది. రెండవది నిర్మలలో, ఎవరూ పిలువకయే దారివెంట దొరికినది. రెండింటికి నడుమ వారము దినముల ఎడమున్నది గాని, ఇంటికి వచ్చి ఆలోచించినకొలదీ ఆ రెండును దగ్గరి చుట్టములని తోచుచున్నది.

శిష్యుడు తీసికొనిపోయినది చాల పెద్ద హోటలు. మాంసమును పలకలవలె కోసి నిప్పులపై కాల్చి వడ్డించుట అచ్చటి ప్రత్యేకత. దానిని 'స్టేక్' అందురట. భోజనమునకు ముందు, మనిషి ముఖము మనిషికి సరిగా కనబడని ఒక మసక గదిలో కూర్చుండబెట్టి పానీయముల పట్టిక చేతికిచ్చినారు. అన్నియు పరాయి పేర్లే. నేను పుస్తకములలో చదివిన మాట ఒక్కటే కనబడినది: పంచ్. దానినే తెప్పించుకొన్నాను. నిమ్మరసము, చక్కెర, పైన చల్లిన జాజికాయ పొడి, అడుగున ఏదో ఘాటైన సారాయము. ప్రక్కన ఉప్పు జల్లిన జీడిపప్పు, పుల్లలకు గ్రుచ్చిన మాంసపు తునకలు. నిజము చెప్పవలెనన్న, బాగున్నది. పంతులుగారు పెదవి విరుతురని ఎదురుచూచిన శిష్యుడు కొంచెము నిరాశపడినాడు కూడ. "ఇది ఏ దేశపు పానీయము నాయనా?" అని వడ్డించు కుఱ్ఱవానిని అడిగితిని. "ఇంగ్లండుది సార్" అన్నాడు.

అతడు చెప్పినది సగమే నిజము. పంచ్ అను మాట ఆంగ్లభాషలో వ్రాతపూర్వకముగా కనబడిన చోట్లలో, ఇంతవరకు దొరికినంతలో, మొదటిది 1632 నాటి ఒక జాబు. ఈస్టిండియా కంపెనీ కొలువులోని రాబర్ట్ ఆడమ్స్ అనునతడు కోలీ అను వర్తకునికి వ్రాసినది. ఆ వర్తకుడు ఎక్కడ ఉన్నాడనుకొన్నారు? లండనులో కాదు, పెత్తపోలిలో. పెత్తపోలి అనగా తెలుగు సముద్రతీరమందలి మన నిజాంపట్టణమే! 1611లో ఆంగ్లేయుల ఓడ వచ్చి ఆగిన రేవది. పంచ్ త్రాగుటలో లెక్క చూడవలదని ఆ జాబులో స్నేహితుని హెచ్చరికో, ప్రోత్సాహమో, ఒక వాక్యమున్నది. తరువాత కొన్ని దశాబ్దములకు మన దేశము చూడవచ్చిన ఫ్రయర్ అను వైద్యుడు, ఐదు వస్తువులు కలిసినది గనుక 'పంచ' శబ్దమునుండి ఆ పేరు వచ్చినదని వ్రాసినాడు. పీపాకు గల ఒక ఇంగ్లీషు పేరునుండి వచ్చినదని వాదించువారును కలరు. పేరు మాట ఎట్లున్నను, సరుకు మాత్రము మనదే. తాటికల్లును, బెల్లమును, బియ్యమును కాచి తీసిన సారాయే ఆ కాలపు పంచ్‌కు ప్రాణము. అమెరికాలో కాక్‌టెయిల్ అనగా ఏమో ఒక పత్రిక వివరించినది 1806లో. అటుపిమ్మట 1862లో జెర్రీ థామస్ కాక్‌టెయిళ్ళ విద్యపై ప్రసిద్ధ గ్రంథమును అచ్చువేయుచు పంచ్‌లతోనే ప్రారంభించినాడు. అనగా ఆ మసక గదిలోని పట్టికకు పెద్దముత్తవ్వ మన తాటిచెట్టు.

ఈ చరిత్ర తలలో తిరుగుచుండగనే నిర్మల చేరినాను. పొనికి కఱ్ఱ బొమ్మలు కొన్నాము, కోట చూచినాము. ప్రొద్దు వాలుచుండగా ఊరి వెలుపల తాటివనము కంటబడినది. బడిపంతులు కల్లుమండువలో కూర్చున్నాడని కొందరు బొమలు ముడువవచ్చును. విద్యార్థులకు మాత్రము ఒక మాట: ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి మన రాష్ట్రములో మద్యము అమ్మరాదు.

గౌడు చెట్టుదిగి, తాటాకును మడిచి రేక చేసి నా చేతికిచ్చినాడు. రెండు దోసిళ్ళతో పట్టుకొని నోటికి ఎత్తుకొంటే లొట్టిలోనుండి అతడే పోయును. మొదటి చుక్కలు నేలపై సాక పోసి ఎల్లమ్మను తలచుకొన్నాడు. పండుతాటి కల్లు: కొంచెము తీపి, కొంచెము పులుపు, ఆకు వాసన, చివర నాలుకపై సన్నని చిమచిమ. నంజుకొనుటకు ఒక ముసలమ్మ బొబ్బర గుడాలు, ఉల్లిగడ్డ ముక్కలు, నిప్పులపై కాల్చిన చేప అమ్ముచున్నది. ఇచ్చట కూడ ఉప్పు కారములదే పెద్దరికము! దాహము పెంచువాడే దాహము తీర్చువానికి మిత్రుడని హోటలువారును, ముసలమ్మయు సమానముగా ఎరుగుదురు. కాల్చిన చేపముందు ఆ స్టేక్‌ను నేను మరచితిననుట అతిశయోక్తి; ఆ చేపను మాత్రము మరువలేదు.

"జల్ది తాగుండ్రి సారూ, ఆగితే పులుస్తది" అన్నాడు గౌడు. గెల కొనను పలుచగా చెక్కినప్పుడు జారునది ఉత్త తీపినీరు. కుండలోను గాలిలోను ఉన్న సూక్ష్మజీవులు వెంటనే పనిలో దిగి ఆ చక్కెరను మద్యముగా మార్చును. కుండకు లోపల సున్నము పూసినచో ఆ పని ఆగి నీరాగా నిలుచును. ఊరక వదలినచో మరునాటికి పుల్లని కాడి. ఇట్లు గంటగంటకు రూపు మారు వస్తువును సీసాలో బంధించి దూరము పంపుట కష్టము. ఆ కష్టమునుండియే ఒక పాపము పుట్టినది. చెట్టు ఇచ్చునది చాలక నీళ్ళలో చక్కెర, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపి కల్లని అమ్మువారు తెలంగాణలో అనేకచోట్ల పట్టుబడినారు. దానికి అలవాటుపడిన కూలివాడు అది దొరకని దినమున చేతులు వణకి, మతి తప్పి ఆసుపత్రి పాలగుట నేను కన్నులార చూచినాను. అది కల్లు కాదు. చెట్టు పేరు పెట్టుకొన్న మందు.

అసలు కల్లు కావలెనన్న మనిషి చెట్టెక్కవలెను. మోకు, ముస్తాదు, రెండు కత్తులు. దినమునకు రెండు పూటలు, పూటకు పది పన్నెండు చెట్లు. జారి పడిన గౌడులు లేని ఊరు అరుదు. 2024లో ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర భద్రతా పరికరములు పంచ మొదలుపెట్టినది. "మీకు అందినదా?" అంటిని. అతడు నవ్వి అరికాలు చూపినాడు. చెట్టు బెరడును, ఆ కాలిని వేరుచేసి చూచుట కష్టము.

"మీ పిల్లలు నేర్చినారా ఈ పని?"

"యాడ సారూ! పిలగాడు దుబాయిల ఉన్నడు. పెద్ద హోటల్ల గిలాసలు కడుగుతడు. నా తర్వాత గీ చెట్లు ఎక్కెటోడు లేడు."

హైదరాబాదు హోటలు సంగతి అతనికి చెప్పితిని. పంచ్ అనగా ఏమో, మన కల్లుసారా సముద్రము దాటి ఎట్లు పోయినదో, తిరిగి ఏ వేషమున వచ్చినదో నాకు తెలిసినంత వివరించితిని. శ్రద్ధగా విన్నాడు.

"ఒక గిలాస ఎంత సారూ?"

ధర చెప్పితిని. అతడు ఏమియు అనలేదు. లొట్టిని చెట్టు మొదట ఆనించి, మోకు భుజమున వేసికొని, పడమటివైపు చూచినాడు. చీకటి పడులోపల ఇంక రెండు చెట్లు మిగిలియున్నవి.