పోయిన పాయింటు తరువాత

ఆటలు శరీరపుష్టికే గాని మనస్సుకు సంబంధించినవి కావనే అభిప్రాయం మన తల్లిదండ్రులలో ఇప్పటికీ బలంగానే ఉన్నది. పరీక్షలు దగ్గరపడగానే ఇంట్లో మొదట అటకెక్కేది రాకెట్టే. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో, మన జంటనగరాలకు చిరపరిచితమైన బ్యాడ్మింటన్ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కబడ్డీలోనో, ఫుట్‌బాల్‌లోనో ఒకడు పొరపడితే సర్దుకొనడానికి పక్కన మరికొందరు ఉంటారు. సింగిల్స్ ఆడేవానికి ఆ ఆసరా లేదు. తప్పు తనదే, చూసేవారు అందరూ. పైగా 2006లో లెక్కింపు పద్ధతి మారినది. అంతకు పూర్వం సర్వీసు చేసిన పక్షానికే పాయింటు వచ్చేది. కనుక తన సర్వీసులో పొరపడినవానికి సర్వీసు మాత్రమే పోయేది. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ ఒక పాయింటు, 21 పాయింట్లకు ఒక గేము. ఏ పొరపాటుకూ మినహాయింపు లేదు.

రెండు వరుస గేములలో ఓడినవాడు కనీసం 42 పాయింట్లు పోగొట్టుకుంటాడు. షటిల్ నేలను తాకిన క్షణానికీ, తరువాతి సర్వీసుకూ నడుమ ఉండేది కొద్ది సెకండ్ల వ్యవధి. 11వ పాయింటు వద్ద 60 సెకండ్లు, గేముల నడుమ 120 సెకండ్లు విరామం ఉన్నా, ఎక్కువ కష్టం ఆ కొద్ది సెకండ్లలోనే. పోయిన పాయింటులోని పాఠాన్ని గ్రహించాలి, దాని బాధను విడిచిపెట్టాలి. క్రీడాకారులు రాకెట్టు తీగలను వేళ్లతో సవరించుకుంటూ రెండడుగులు వెనుకకు నడవడం మనం చూస్తూనే ఉంటాం. అది ఆడంబరమని నేను చాలాకాలం పొరబడ్డాను. ఊపిరి కుదుటపడడానికీ, చూపును ఎదుటివాని మీది నుండి మరల్చుకొనడానికీ అది ఒక ఉపాయం. ఉర్దూలో ‘హౌసలా’ అనీ, తెలుగులో ‘నిబ్బరం’ అనీ మనం చెప్పుకునే గుణం ఇలా ఒక్క సాయంకాలంలోనే పదులసార్లు అభ్యాసానికి వస్తుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఓటమిని ఇన్నిసార్లు, ఇంత చిన్న మోతాదులో రుచి చూపించదు.

ఇందుకు నిదర్శనం వెదకుతూ దూరం పోనక్కరలేదు. సికిందరాబాదులోని రైల్వే సిగ్నల్, టెలికమ్యూనికేషన్ శిక్షణ సంస్థ కోర్టులలోనే పి.వి. సింధు, మెహబూబ్ అలీ గారి వద్ద తొలి పాఠాలు నేర్చుకున్నది. తరువాత గోపీచంద్ అకాడమీలో చేరినది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం పొందినది. 2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ పోటీల ఫైనల్ చూసినవారు దానిని మరువలేరు. జపాన్ దేశపు ఒకుహరతో 110 నిమిషాల పోరాటం. రెండవ గేమును ముగించిన ర్యాలీ ఒక్కటే 73 దెబ్బలు సాగినది. ఆ గేము సింధుదే. చివరి గేము 20–22తో చేజారినది. మూడు వారాలైనా పూర్తిగా గడిచాయో లేదో, సెప్టెంబరులో కొరియా ఓపెన్ ఫైనల్‌లో అదే ఒకుహర ఎదురైనది. రెండవ గేమును 11–21తో పోగొట్టుకొని కూడ సింధు మూడవ దానిని 21–18తో గెలిచినది.

2018లో కామన్‌వెల్త్, ప్రపంచ, ఆసియా పోటీలు మూడింటి ఫైనల్స్‌లోనూ ఆమె ఓడినది. ఫైనల్ అంటే ఆమెకు భయమనే మాట కూడ వినవచ్చినది. 2019 ఆగస్టు 25న బాసెల్ నగరంలో ఒకుహరనే 21–7, 21–7తో ఓడించి ప్రపంచ విజేత అయినది. అందరూ బాసెల్ విజయాన్నే చెప్పుకుంటారు; నా దృష్టిలో కొరియా విజయమే గొప్పది. అక్కడ గాయం ఇంకా పచ్చిగా ఉన్నది.

ఆమె గురువు పుల్లెల గోపీచంద్ కథ ఇంతకు భిన్నం కాదు. 1994లో మోకాలు దెబ్బతిని, శస్త్రచికిత్సలకు లోనై, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయినాడు. ఆయనను తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు హైదరాబాదువారైన సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్ గారు.

అయితే రాకెట్టు పట్టినంత మాత్రాన నిబ్బరం అబ్బదు. లైను చూసేవారిని నిందించి, రాకెట్టు నేలకేసి కొట్టేవాడు ఆ కోపాన్నే ప్రతిదినమూ అభ్యసిస్తున్నాడు. తనకంటే తక్కువవారితోనే ఆడేవానికి ఓటమి పరిచయమే కాదు. నిబ్బరమంటే మొండితనమనీ అనుకోరాదు. హైదరాబాదు టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా గాయాల కారణంగా 2013లో సింగిల్స్ విరమించి డబుల్స్‌కే పరిమితమైనది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం, ఆ ఏడే హింగిస్‌తో కలిసి వింబుల్డన్ పొందినది. ఒక తలుపు మూసివేయడానికి కూడ ధైర్యం కావలసివచ్చినది.

ఇదంతా ఎందుకు వ్రాస్తున్నానంటే, ఒక్క పేపరు పోయిన కారణంగా తరగతికి రావడమే మానివేసిన విద్యార్థులను నేను ఎరుగుదును. వారు తెలివితక్కువవారు కారు. ఓడిన మరునాడు ఏమి చేయాలో వారికి ఎవరూ అలవాటు చేయలేదు. మన ఆవరణలో రెండు స్తంభాలకూ, ఒక నెట్టుకూ చాలినంత స్థలం ఉన్నది. ఆరుబయట గాలి షటిల్‌ను తన ఇష్టం వచ్చినట్లు తోస్తుంది, నిజమే. కాని గేము ముగియగానే పక్షాలు మారుతాయి. మూడవ గేములో 11 వద్ద మరల మారుతాయి. కమిటీ పెద్దలు వచ్చే సంవత్సరపు ఖర్చులలో ఇంత చేర్చి, సాయంకాలం ఒక గంట విద్యార్థినులకే ప్రత్యేకించగలరని మనవి. షటిళ్ల ఖర్చు మేమే చందా వేసుకుంటాము.