ఇంటిపేరు స్థానంలో కులనామం: 'చిట్యాల ఐలమ్మ' నామప్రయోగ పరిశీలన

1. ఉపోద్ఘాతం

1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో కౌలు తగ్గించమని రైతులు కోరారు. భూస్వామి తరఫున పెత్తనం చేస్తున్న చార్లెస్ బాయ్‌కాట్ వారిని భూముల నుండి వెళ్లగొట్టబూనాడు. ఊరు అతనికి పని చేయడం మానివేసింది. పంట కోయడానికి స్థానిక కూలీలు రాలేదు. అతని ఇంటిపేరు బహిష్కరణకు పర్యాయపదమైంది. తెలుగులోనూ 'బాయ్‌కాట్' అనే మాట వాడుకలో స్థిరపడింది.

సుమారు ఆరున్నర దశాబ్దాల తరువాత నేటి జనగామ జిల్లా పాలకుర్తిలో మరొక కౌలుదారు పంట కోసం పోరాటం జరిగింది. ఇక్కడ ఇంటిపేరు నడిచిన దారి వేరు. కౌలుదారు ఇంటిపేరు మరుగున పడి, కులనామం చరిత్రలో నిలిచింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నామవ్యవహారం ఆధారంగా ఈ మార్పును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక పేరుకు ముందు మూడు మాటలు

ఐలమ్మ (1895–1985) రాయపర్తి మండలం కృష్ణాపురంలో ఓరుగంటి వారింట జన్మించింది. పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహను వివాహమాడి 'చిట్యాల' వారి కోడలైంది. లోకవ్యవహారంలో ఆమె 'చాకలి ఐలమ్మ'.

వీటిలో మొదటి రెండూ ఊరిపేర్లకు సంబంధించినవి. 'ఇల్లు' ఔపవిభక్తికమై 'ఇంటి' అయినట్లే 'ఓరుగల్లు' 'ఓరుగంటి' అవుతుంది. 'ఇంటిపేరు' అనే సమాసంలోనూ, 'ఓరుగంటి' అనే ఇంటిపేరులోనూ పనిచేసింది ఒకే వ్యాకరణసూత్రం. చిట్యాల పేరుతో భూపాలపల్లి జిల్లాలో మండలకేంద్రం ఉంది; నల్లగొండ జిల్లాలోనూ అదే పేరుగల ఊరు ఉంది. కాబట్టి ఈ ఇంటిపేరును బట్టి ఒక్క ఊరినే మూలస్థానంగా నిర్ణయించకూడదు. మూడవ మాట 'చాకలి' ఊరినిగాని వంశాన్నిగాని చెప్పదు. వృత్తిని, దాని ద్వారా కులాన్ని చెబుతుంది.

3. స్థానమే అర్థాన్ని నిర్ణయించడం

తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు వస్తుంది. రెడ్డి, రావు వంటి గౌరవవాచకాలు వ్యక్తినామానికి తరువాత చేరుతాయి. ఐలమ్మ పంటపై కన్నేసిన విసునూరు దేశ్‌ముఖ్ పేరు రాపాక రామచంద్రారెడ్డి. 'రాపాక' ఇంటిపేరు, 'రెడ్డి' కులవాచకం, 'విసునూరు' ఆధిపత్యస్థానం, 'దేశ్‌ముఖ్' హోదా. కులవాచకం పేరు వెనుక చేరినందువల్ల ఇంటిపేరుకు భంగం కలుగలేదు. ఒక్కొక్క మాటా తన చోట తానుండి ఆ వ్యక్తి అధికారాన్ని పెంచింది.

సేవావృత్తుల వారి విషయంలో కులనామం పేరుకు ముందు వచ్చింది. అది ఇంటిపేరు ఉండవలసిన చోటు. ఒకే స్థానంలో రెండు మాటలు ఇమడనందువల్ల ఇంటిపేరు తొలగిపోయింది. వెట్టిచాకిరీ వ్యవస్థకు మనిషి వంశంతో పని లేదు. ఏ పనికి పిలవాలో తెలిస్తే చాలు.

అయితే ఇది అందరికీ వర్తించే నియమం కాదు. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ కులస్థుడు. ఆయన పేరుకు ముందు కులనామం చేరలేదు, ఇంటిపేరే నిలిచింది. 'దొడ్డి' అంటే పశువులను కట్టే ఆవరణ. ఒకే ఉద్యమంలో, ఇరుగుపొరుగు ఊళ్లలో రెండు రకాల వ్యవహారం ఉండడం గమనార్హం.

4. మహబూబాబాద్, భూపాలపల్లి ఉదాహరణలు

మహబూబాబాద్ తండాలలో భూక్యా, బానోతు, గుగులోతు, జాటోతు వంటి మాటలు ఇంటిపేర్లుగా వాడుకలో ఉన్నాయి. ఇవి లంబాడీల వంశనామాలు; ఒకే వంశంలో వివాహసంబంధం కలుపుకోరు. తండాపెద్ద హోదాను తెలిపే 'నాయక్' కాలక్రమంలో సాధారణ పురుషనామాంతమైంది. అది పేరు వెనుక చేరినందువల్ల వంశనామం చెక్కుచెదరలేదు. స్థానానికి గల ప్రాముఖ్యాన్ని ఇది బలపరుస్తున్నది.

2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లా పేరులో మరొక తీరు కనిపిస్తుంది. తెలంగాణ సిద్ధాంతకర్త కొత్తపల్లి జయశంకర్ ఇంటిపేరు అందులో లేదు. కాని దాని స్థానంలో మరే మాటా చేరలేదు. ఇంటిపేరును వదలివేయడం వేరు, దాని స్థానాన్ని మరొక మాట ఆక్రమించడం వేరు.

5. అర్థపరిణామం

ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి వద్ద భూమిని కౌలుకు తీసుకొని సాగుచేసింది. ఆంధ్రమహాసభ కార్యకర్తలు అండగా నిలిచి ఆమె పంటను ఆమె ఇంటికే చేర్చారు. ఆ తరువాత 'చాకలి' అనే మాటకు కొత్త అర్థచ్ఛాయ ఏర్పడింది. చిన్నచూపుతో పలికిన మాటనే వెనుకబడిన కులాల చైతన్యం ఆత్మగౌరవ చిహ్నంగా స్వీకరించింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టడంతో ఆ మాటకు అధికారిక గౌరవం దక్కింది.

సంస్కృతపదమైన 'రజక'ను కాక 'చాకలి'నే నిలుపుకోవడంలోనూ ఈ రాజకీయార్థం ఉంది. అవమానాన్ని మాట మార్చి దాచలేదు. మాట విలువనే మార్చారు.

6. ముగింపు

'చాకలి ఐలమ్మ' ఉద్యమం ఇచ్చిన పేరు. 'చిట్యాల ఐలమ్మ' కుటుంబం ఇచ్చిన పేరు. మొదటిదాన్ని తొలగిస్తే పోరాటానికి గల సామాజిక నేపథ్యం మసకబారుతుంది. రెండవదాన్ని విస్మరిస్తే ఆమెకూ ఒక ఇల్లు, ఒక వంశం ఉన్నాయన్న సంగతి మరుగవుతుంది. అందువల్ల పాఠ్యపుస్తకాలు, గ్రంథాలయ సూచికలు 'చిట్యాల (చాకలి) ఐలమ్మ' అని రెండింటినీ నమోదు చేయడం సముచితం. దేశ్‌ముఖ్ పేరులోని నాలుగు మాటలనూ భద్రపరిచిన చరిత్ర, ఐలమ్మ పేరులోని రెండు మాటలను భద్రపరచడం కనీస న్యాయం.