గీతల యంత్రము: దోషము వెదకు విధము

చుక్కల ముగ్గులలో మెలికల ముగ్గు ఒకటి కలదు. చుక్కల చుట్టును తిరిగి తిరిగి వచ్చిన గీత, బయలుదేరిన చోటికే వచ్చి కలియవలెను. వాకిట ఆ ముగ్గు వేయు ఇల్లాలు ఏ కొలబద్దయు పట్టదు. చేయి రవ్వంత పక్కకు పోయినచో కన్ను చూచును. మరుక్షణమే చేయి దిద్దుకొనును. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దానినే కలముగా చేసికొని బట్టపై బొమ్మలు వ్రాయు కలంకారీ చిత్రకారుని సంగతియు ఇంతే. గీత తిన్నగా వచ్చుటకు చేతి నేర్పు ఒక్కటే చాలదు. చేతి వెంట కన్ను కాపలా యుండవలెను.

ఇప్పుడు ఆ కలమును ఒక యంత్రమునకు కట్టితి మనుకొందము. ఇంట చేసికొన్న యిట్టి యంత్రమునకు కన్ను లేదు. కుడికి ఎనిమిదివేల అడుగులు వేయుమని చెప్పినచో, వేసితినని లెక్క వ్రాసికొని ఊరకుండును. కలము నిజముగా ఎంత దూరము జరిగినదో దానికి తెలియదు. సి.ఎన్.సి. గీతల యంత్రములలో మనకు కనబడు చిక్కులలో చాల భాగము ఇందుండియే పుట్టుచున్నవి.

ఉదాహరణకు పలమనేరునే తీసికొందము. అది మట్టిపనికి పేరు గన్న ఊరు. అక్కడి యువకుడొకడు, నాలుగు కాల్చిన మట్టి పలకలను పక్కపక్కన చేర్చినచో ఒకే పెద్ద ముగ్గుగా కనబడవలెనని తలచి, అందుకు వలయు అచ్చు కాగితములను యంత్రముచే గీయింప పూనుకొన్నాడని భావింతము. చెన్నై, బెంగుళూరుల నడుమ పెద్ద రస్తా మీది ఊరు గనుక సామానుకు కొదువ లేదు. రిచీ వీథికి పోయినను, ఎస్.పి. రోడ్డుకు పోయినను స్టెప్పర్ మోటార్లు, ఆర్డుయినో పలక, పండ్ల బెల్టులు, నునుపైన ఉక్కు కడ్డీలు, కలమును ఎత్తి దించుటకు చిన్న సర్వో మోటారు దొరకును. యంత్రము నిలిచినది, కదలినది, గీచినది. కాని మెలిక కలియలేదు. రెండు కాగితములను అంచుకు అంచు చేర్చగా, ఒకదాని గీత రెండవదాని గీతకు రెండు మిల్లీమీటర్ల ఎడముగా నున్నది. పలకలపై ఆ ఎడము దాగదు. ఇంటివారు "డబ్బు దండుగ" యనుటకు సిద్ధముగా నుందురు. ఇట్టి సమయమున ఏమి చేయవలెను?

మొదట అనుమానము ప్రోగ్రాము మీదికి పోవుట సహజము. కంటికి కనబడనిది గదా! అయితే ఆ లెక్క మనము తలచినదాని కంటె పాతది, గట్టిది. అంకెలతో నడచు మర యంత్రమును అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో ప్రదర్శించిరి. కాల్‌కాంప్ 565 అను గీతల యంత్రము 1959లో వెలువడినది. కలము అడుగడుగుగా మాత్రమే కదలగలిగినప్పుడు ఏటవాలు గీతను తప్పు పేరుకొనకుండ గీయుటెట్లు? ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచున్న జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో, కాల్‌కాంప్ యంత్రము కొరకే ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనెను. 2009లో పుట్టిన జి.ఆర్.బి.ఎల్. అను ప్రోగ్రామును నేడు ఇంటి యంత్రములలో విరివిగా వాడుచున్నారు. అదియు మోటార్లకు అడుగులను పంచుటలో ఆ పద్ధతినే అనుసరించును. కనుక లెక్కను శంకించుటకు ముందు మరలను శంకించుట మేలు.

అయినను లెక్క ఎట్లు ఏర్పడినదో తెలియవలెను. సాధారణమైన స్టెప్పర్ మోటారు అడుగునకు 1.8 డిగ్రీల వంతున, చుట్టునకు 200 అడుగులు వేయును. డ్రైవరు ఒక్కొక్క అడుగును 16 భాగములు చేసినచో చుట్టునకు 3200 అగును. ఇరుసుకు బిగించిన చక్రమునకు 20 పండ్లు, పంటికిని పంటికిని నడుమ 2 మిల్లీమీటర్లు ఉన్నచో, చుట్టునకు బెల్టు 40 మిల్లీమీటర్లు జరుగును. 3200ను 40చే భాగింపగా 80. మిల్లీమీటరునకు 80 అడుగులని యంత్రమునకు చెప్పవలసిన సంఖ్య యిదియే. చక్రమునకు 16 పండ్లే యున్నచో ఆ సంఖ్య 100 కావలెను. అది తెలియక 80 అని యుంచినచో, 100 మిల్లీమీటర్ల గీత 80 మిల్లీమీటర్లే వచ్చును. పండ్లు లెక్కపెట్టుటకు అర నిమిషము చాలును. పాత డి.వి.డి. డ్రైవులను విప్పి చేసిన చిన్న యంత్రముల మోటార్లు సాధారణముగా చుట్టునకు 20 అడుగులే వేయును గనుక వాటి లెక్క వేరు. పొరుగువాని సంఖ్యను తెచ్చి మన యంత్రమునకు అంటించుట, పొరుగువాని కళ్ళజోడు పెట్టుకొనుట వంటిది.

ఇంకొక భ్రమ కలదు. మిల్లీమీటరునకు 80 అడుగులనగా అడుగు 0.0125 మిల్లీమీటరు, కనుక యంత్రమునకు అంత ఖచ్చితము వచ్చినదని కొందరు సంబరపడుదురు. అది మోటారు వేయగల అడుగు మాత్రమే. బెల్టు సాగుట, కడ్డీ వంగుట, కలము పిడిలో ఊగుట ఆ లెక్కలోనికి రావు.

ఇక పరీక్ష. కాగితమును నాలుగు మూలల అంటించి, 50, 100, 200 మిల్లీమీటర్ల పొడవున మూడు గీతలు గీయింపుడు. ప్రతి గీతకును ముందు కలము కుడినుండి ఎడమకు వచ్చి నిలిచి, పిదప కుడికి గీయుచు పోవలెను. స్టీలు స్కేలుతో కొలువుడు. లోటు 1, 2, 4 మిల్లీమీటర్లుగా పొడవుతో పాటు పెరిగినచో తప్పు సంఖ్యలో నున్నది. అప్పుడు 80ని 100చే గుణించి, వచ్చిన పొడవైన 98చే భాగింపగా 81.63 వచ్చును, అది దిద్దిన సంఖ్య. లోటు పొడవుతో నిమిత్తము లేక మూడు గీతలలోను 0.4 మిల్లీమీటరే యున్నచో సంఖ్యను ముట్టరాదు. అది మరలలోని వదులు. పనివారు దానిని ప్లే అందురు. ఒకే గీతను రెండుసార్లు గీయింపగా రెండు పొడవులు వచ్చినచో, ఎక్కడనో ఏదియో జారుచున్నది.

ఈ రెండవ సంగతి వద్ద కొంచెము నిలువవలెను. వదులును సంఖ్యతో కప్పిపుచ్చుట చాలమంది చేయు పని. 50 మిల్లీమీటర్ల గీతలో 0.4 లోటు పూడ్చుటకై 80ని 80.65 చేసితి మనుకొనుడు. ఆ గీత సరిపోవును. కాని 200 మిల్లీమీటర్ల గీత ఇప్పుడు 1.2 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చును! చిన్న బొమ్మ కుదిరినది, పెద్ద బొమ్మ చెడినది. మరునాడు మరల సంఖ్య మార్పు. ఇట్లు వారము గడచినను మర మాత్రము వదులుగానే యుండును.

వదులు ఎక్కడ నున్నదో వ్రేలితో కనుగొనవచ్చును. మోటార్లకు కరెంటు ఉండగా అవి బిగిసి నిలుచును. అప్పుడు కలము మొనను మెల్లగా ఇటు నటు నెట్టుడు. బెల్టు కదలక మొన మాత్రమే కదలినచో తప్పు కలము పిడిలో నున్నది. బెల్టు కదలి మోటారు ఇరుసు కదలనిచో, చక్రమును ఇరుసుకు పట్టియుంచు తలలేని చిన్న మర సడలినది. ఇరుసునకు చదునైన ముఖమున్నచో ఆ మరను సరిగా దానిపైననే బిగింపవలెను. గుండ్రని వైపున బిగించినచో రెండు దినములలో మరల సడలును. బెల్టును వీణతీగ వలె లాగ పనిలేదు. వ్రేలాడకుండిన చాలును, అతిగా లాగినచో ఇరుసులు బరువెక్కి మోటారు తడబడును.

వృత్తము గీయించినచో మరికొంత తెలియును. వృత్తము అడ్డముగా గాని నిలువుగా గాని కోడిగ్రుడ్డు వలె సాగినచో, రెండు దిక్కుల సంఖ్యలలో ఒకటి తప్పు. పైన, క్రింద, కుడి, ఎడమ అను నాలుగు చోట్ల చదునైనచో అది వదులే. ఏలయనగా ఆ చోట్లనే ఒక్కొక్క మోటారు వెనుకకు తిరుగును. ఏటవాలుగా సాగినచో రెండు దిక్కులును ఒకదానికొకటి మూలమట్టముగా లేవు.

పలమనేరు ముగ్గునకు ఈ చివరిదే ముఖ్యము. మూల వంకరయైనచో కొలతలన్నియు సరిగా నున్నను పలకల గీతలు కలియవు. పునాదికి దారము కట్టు మేస్త్రీ 3, 4, 5 అడుగుల లెక్కతో మూల చూచుకొనునట్లే మనమును చేయవచ్చును. 150 మిల్లీమీటర్ల చతురము గీయించి దాని కర్ణములను కొలువుడు. రెండును 212 మిల్లీమీటర్లకు రవ్వంత పైగా, సమానముగా నుండవలెను. రెంటికిని 2 మిల్లీమీటర్ల భేదమున్నచో మూల సుమారు అర డిగ్రీ తప్పినది. 200 మిల్లీమీటర్ల కాగితముపై దాదాపు 2 మిల్లీమీటర్ల ఎడము దీనివలననే రాగలదు. మరలు సడలించి, అడ్డుదూలము రెండు కొనలను చట్రమునకు ఆనించి, మూలమట్టము పెట్టి మరల బిగింపుడు. దీనికి ప్రోగ్రాములో మందు వెదకుట వృథా ప్రయాస.

బొమ్మ సగము వరకు చక్కగా వచ్చి, ఒక చోట నుండి అంతయు పక్కకు జరిగినచో, మోటారు అడుగులు తప్పినదని అర్థము. వేగమును, ముఖ్యముగా వేగమును అందుకొను తొందరను, సగమునకు తగ్గించి చూడుడు. బాగుపడినచో కారణము దొరకినది. లేనిచో కడ్డీ ఎక్కడనైన పట్టుచున్నదేమో, డ్రైవరు కాలిపోవునంత వేడెక్కుచున్నదేమో చూడవలెను. కరెంటు ఉండగా మోటారు తీగను మాత్రము ఊడదీయరాదు. డ్రైవరు అక్కడికక్కడే చెడిపోవచ్చును. జి.ఆర్.బి.ఎల్. యంత్రములలో మరియొక గుప్త కారణము కలదు. కదలిక ఆగిన కొద్ది క్షణములకే మోటార్లను వదలివేయు అమరిక అందున్నది. కలము ఎత్తి దింపు విరామములో మోటారు పట్టు విడిచినచో బొమ్మ కొంచెము కొంచెముగా జరుగును. $1 అను అమరికను 255 చేసినచో మోటార్లు ఎల్లప్పుడును పట్టుతోనే యుండును. కొంచెము వేడెక్కును గాని బొమ్మ నిలుచును.

కలమును గూర్చి ఒక్క మాట. అది కాగితమును తాకవలెను గాని నొక్కరాదు. నొక్కినచో కాగితమును లాగుకొని పోవును. దించిన పిదప సెకనులో అయిదవ వంతు ఆగుమని చెప్పినచో గీతల మొదళ్ళు ఖాళీగా రావు.

ఇవన్నియు సరిచేసిన పిమ్మట గీతకు గీత కలము మొన వెడల్పులో కలిసినచో, ఇంటి యంత్రమునుండి అంతకుమించి కోరనక్కరలేదు. అయితే మట్టిపని వారికి లెక్క ఇంకొకటి మిగిలియున్నది. మట్టి ఆరుటలోను కాలుటలోను కుదించుకొనును. పచ్చి పలకపై 100 మిల్లీమీటర్ల గీత గీచి, కాల్చిన పిదప కొలిచి, ఆ నిష్పత్తిని బట్టి బొమ్మను పెద్దది చేయవలెను. పెద్దది చేయవలసినది బొమ్మనే. యంత్రములోని 80ని కాదు. మట్టి మారినప్పుడెల్ల ఆ కొలత మారును గనుక, ఏ గుంట మట్టికి ఏ కొలతయో అచ్చు కాగితము మూలనే వ్రాసియుంచుకొనవలెను.