చుక్కాని అంటే ఏమిటి?



మా చదువు కేంద్రం నాంపల్లిలో ఉంది. అక్కడికి వచ్చే ఒక అక్క ఇంటి పనుల వల్ల రెండు నెలలు రాలేదు. తరువాత ఒక ఆదివారం ఆబిడ్స్ వెళ్లింది. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా! ఒక కథల పుస్తకం కొన్నది. మరునాడు దాన్ని నా దగ్గరికి తెచ్చింది.

"టీచరమ్మా, ఈ మాట కాడ ఆగిపోయిన. ఒత్తు మరిచిన. కూడబలుక్కొని చదివినా అర్థం తెలుస్తలేదు. ఇంక నాకు చదువు రాదేమో!" అన్నది.

ఆ మాట 'చుక్కాని'.

చుక్కాని పడవలో ఒక భాగం. పడవ వెనక కొసన, నీళ్లలోకి దిగి ఉండే పలక. దానికి పైన ఒక పిడి ఉంటుంది. పడవ ఎటు పోవాలో చుక్కానే చెబుతుంది. అరబ్బీ భాషలో దీన్ని 'సుక్కాన్' అంటారు. మన మాట అందులోంచి వచ్చిందే.

ఇది ఎలా పని చేస్తుంది? నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి ముందుకు జరపండి. అరచేతిని కత్తిలా నిలబెడితే నీరు దారి ఇస్తుంది. కొంచెం ఏటవాలుగా తిప్పితే నీరు చేతిని పక్కకు నెడుతుంది. చుక్కాని పలకనూ నీరు ఇలాగే నెడుతుంది.

పిడిని ఎడమకు నెడితే పలక కుడికి తిరుగుతుంది. నీటి తోపుకు పడవ వెనక భాగం ఎడమకు పోతుంది. ముందు భాగం కుడికి తిరుగుతుంది.

మన హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దగ్గరికి లాంచీలు పోతాయి. లాంచీలో పిడికి బదులు చక్రం ఉంటుంది. అది తిప్పితే కింద నీళ్లలో చుక్కాని తిరుగుతుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నిలిచిన నీళ్లలో పడవ కదలకుండా ఉంటే చుక్కాని ఎంత తిప్పినా లాభం లేదు. పడవ సాగుతుంటేనే అది పని చేస్తుంది.

ఈ మాట చెప్పగానే ఆ అక్క నవ్వింది. "అంటే నా పడవ రెండు నెలలు ఆగింది, అంతేనా?" అన్నది.

అవును. చదువు పోలేదు, ఆగింది. ఇప్పుడామె రోజూ ఒక పేజీ చదువుతోంది. మీరూ చదవండి.

పడవ మాటలు:
తెడ్డు – పడవను నడిపేది
తెరచాప – గాలిని పట్టే గుడ్డ
లంగరు – పడవను ఆపి ఉంచేది
చుక్కాని – ?

చివరి దానికి అర్థం మీరే రాయండి.