సోల్డరింగ్ సరదా – చేతికి అంటుకొనే సీసము

కొన్ని నెలల క్రిందట మా చీడికాడ సమీప గ్రామము నుండి ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. పాలిటెక్నిక్ చదువుచున్న ఆ అబ్బాయికి పాడైన రేడియోలు, ఛార్జర్లు, ఎల్.ఇ.డి. బల్బులు విప్పి సోల్డరింగ్ చేయుట మహా ఇష్టము. "వైద్యులుగారూ! ఆ పొగలో విషమున్నదట. కిటికీ తెరిచి చేసుకోమని పోరుతున్నాను. విరుగుడుకు కషాయమేదైనా చెప్పండి" అని ఆమె అడిగినది.

నేను అబ్బాయినే ప్రశ్నించినాను. ఎక్కడ కూర్చొని చేస్తావు? భోజనాల బల్ల దగ్గర. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు ఆ తీగెను ఎక్కడ పెట్టుకుంటావు? పళ్ళ మధ్య. ప్రక్కన ఇంకేముంటుంది? జంతికల పళ్ళెము. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? పురిటికి వచ్చిన అక్క ఉన్నది, ఆమె మూడేళ్ళ పాప ఆ బల్ల క్రిందనే ఆడుకుంటుంది.

తల్లి భయము న్యాయమైనదే. కాని ఆమె చూపు పొగ మీదనే ఉన్నది. ప్రమాదము పళ్ళెములోను, బల్ల క్రిందను ఉన్నది.

సాధారణముగా దుకాణములలో దొరికే టంకపు తీగెలో సుమారు 60 పాళ్ళు తగరము, 40 పాళ్ళు సీసము ఉంటాయి. ఈ మిశ్రమము 183 డిగ్రీల వేడి దగ్గర కరగనారంభిస్తుంది. సోల్డరింగ్ ఐరను మొన 350 డిగ్రీల వరకు కాలుతుంది. సీసము మరిగి ఆవిరి కావలెనన్న 1749 డిగ్రీలు కావలెను. కనుక ఇంట్లో చేసే పనిలో సీసము ఆవిరియై గాలిలో కలియుట బహు స్వల్పము. కంటికి కనిపించే ఆ తెల్లని పొగ తీగె నడుమనున్న రోజనము కాలగా వచ్చినది. రోజనము సరళవృక్షపు జిగురు నుండి తీసినదే. ఆ జిగురును మన శాస్త్రములు శ్రీవేష్టకమని పేర్కొని ఔషధములలో వాడినవి. అయితే మందులో వాడినది కదా అని దాని పొగ పీల్చుట మంచిది కాదు. కండ్లు మండుట, దగ్గు, కొందరికి ఉబ్బసము సైతము దాని వలన కలుగుతాయి. కిటికీ తెరచుట దానికి తగిన ఉపాయమే. సీసమునకు మాత్రము కిటికీతో పని లేదు. తీగె పట్టుకొన్న వ్రేళ్ళకు, మొన తుడిచిన గుడ్డకు, నేల మీద రాలిన బొట్లకు, బూడిదరంగు మడ్డికి అది అంటుకొని ఉంటుంది. అక్కడ నుండి నోటికి చేరుతుంది.

నాగము, వంగము, అనగా సీసము, తగరము, ఈ రెండింటిని మన రసశాస్త్రము పూతిలోహములని వేరు చేసి చెప్పినది. సరిగా శోధన, మారణములు జరుగని నాగము పాండువు, గుల్మము, ప్రమేహము మొదలగు రోగములను కలిగించునని హెచ్చరించినది. మా గురువుగారు నాగము కరగించే రోజున చిన్నపిల్లలను ఆ దరికి రానిచ్చేవారు కారు. పని ముగిసిన పిదప స్నానము చేసి బట్ట మార్చనిదే మమ్ములను విస్తరి ముందు కూర్చోనిచ్చేవారు కారు. అప్పుడది మడి అనుకొన్నాము.

నోటి ద్వారా పోయిన సీసములో పెద్దవారి శరీరము సుమారు పదవ వంతును గ్రహించగా, పసిపిల్లల శరీరము సగము వరకు గ్రహించగలదు. దేహము దానిని సున్నమని, అనగా కాల్షియమని భ్రమించి ఎముకలలో దాచుకొంటుంది. అక్కడ అది ఏళ్ళ తరబడి నిలిచియుండి, గర్భిణి ఎముకల నుండి కరగి శిశువునకు చేరుతుంది. మలబద్ధము, కడుపులో మెలిపెట్టు నొప్పి, రక్తహీనత, చిరాకు దీని లక్షణములు. కాని పిల్లలలో చాలమందికి ఏ లక్షణమూ పైకి కనిపించదు. ధారణశక్తి, చదువు మాత్రము నెమ్మదిగా దెబ్బతింటాయి. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టము చేసినది. 100 మి.లీ. రక్తములో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో కారణము వెదకి తొలగించవలెనని 2021లో సూచించినది.

సీసము పేరు వినగానే మనవారికి ఏలూరు గుర్తుకు వస్తుంది. 2020 డిసెంబరులో అక్కడ ఆరువందల మందికి పైగా ఉన్నట్లుండి మూర్ఛ, స్పృహ తప్పుటతో ఆసుపత్రి పాలైనారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్తములో సీసము, నికెలు కనిపించినవని ప్రకటించినారు. పిదప నిపుణులు పురుగుమందుల అవశేషముల వైపు మొగ్గినారు. ఆ వార్తల వలన, సీసమంటే హఠాత్తుగా పడగొట్టే విషమనే అభిప్రాయము జనములో నిలిచిపోయినది. ఇంట్లో చేరే సీసము అట్లు చాటి చెప్పి రాదు.

రక్తమును విశాఖపట్నము పంపి పరీక్ష చేయించగా అబ్బాయికి 6, అతని అక్కకు 3, పాపకు 8 మైక్రోగ్రాములని తేలినది. సోల్డరింగ్ ఐరను ఎన్నడూ ముట్టని పాపకే అందరికంటె ఎక్కువ!

కషాయము సంగతికి వస్తాను. రక్తములోని సీసమును కడిగివేసే కషాయము నాకు తెలియదు. తెలుసునని చెప్పేవారిని నమ్మవద్దు. అంకె బాగా ఎక్కువగా ఉన్నవారికి ఆసుపత్రిలో ఆధునిక వైద్యులే మందు ఇవ్వవలెను. పైగా ఇటువంటి వారు ఊరూపేరూ లేని భస్మములు తినుట అగ్నిలో ఆజ్యము పోయుటే. 2008లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వచ్చిన పరిశీలనలో, ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద ఔషధములలో ఐదవ వంతుకు పైగా సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడినది. మన వైద్యమునకు ఇది తలవంపు, దాచి ప్రయోజనము లేదు. ఆహారము మాత్రము కొంత తోడ్పడుతుంది. ఇనుము, కాల్షియము చాలని దేహము సీసమును ఎక్కువగా గ్రహిస్తుంది గనుక రాగిజావ, నువ్వులు, మునగాకు, పాలు, ఉసిరిక తరచు ఇవ్వవలెను. ఖాళీ కడుపుతో ఈ పనికి కూర్చోరాదు.

ఆ సరదాను మాన్పించమని నేను చెప్పలేదు. ఆ చేతిపని రేపు వానికి జీవనోపాధి కావచ్చును. భోజనాల బల్లను విడిచి, పాప వెళ్ళని గదిలో వేరొక బల్ల వేసుకోమన్నాను. తీగెను పంట పట్టరాదు. పని వేళ తినుట, త్రాగుట కూడదు. ముగిసిన వెంటనే సబ్బుతో, గోళ్ళ సందులతో సహా చేతులు కడుగవలెను. చొక్కా మార్చుకొని దానిని విడిగా ఉతుకవలెను. నేలను చీపురుతో ఊడ్చినచో ధూళి లేస్తుంది, తడిగుడ్డతో తుడువవలెను. సీసము లేని తీగె కూడ దొరుకుతుంది. తగరము 99.3 పాళ్ళు, రాగి 0.7 పాళ్ళు ఉన్న తీగె 227 డిగ్రీల వద్ద కరుగుతుంది. అది సరిగా అంటుకోదని అబ్బాయి గొణిగినాడు. కొంచెము ఎక్కువ వేడి, కొంచెము ఓపిక కావలెను, అంతే. దాని పొగకు కూడ కిటికీ తప్పదు.

గృహిణులకు మరొక మాట. కారుచున్న గిన్నెకు ఇంట్లో ఐరను ఉన్నది కదా అని ఈ తీగెతో మాటు వేయించరాదు. చింతపండు పులుసు సీసమును కరగించి తనలో కలుపుకొంటుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించునపుడు కూడ శుద్ధమైన తగరమేనా అని అడిగి తెలుసుకొనవలెను.

మూడు నెలల తరువాత పాపకు మరల పరీక్ష చేయించగా 5కు దిగినది. మరి మూడు నెలలకు ఇంకొకసారి చేయించమని చెప్పి పంపినాను.