దుకాణం మూసినా లెక్క మూయలేదు

కర్నూలు పాతబస్తీలో మూడు తరాలుగా నడిచిన ఆటసామాన్ల దుకాణం ఇటీవల మూతపడింది. మా బడి పిల్లల్లో చాలామందికి మొదటి బ్యాటు, మొదటి బంతి అక్కడివే. అవీ సగం అరువుకే! పెద్ద దుకాణాల తగ్గింపు ధరలు, ఫోనులో కొనే అలవాటు ముందు ఆ చిన్న వ్యాపారం నిలవలేకపోయింది.

ఆటలు పనికిమాలినవని కొందరు పెద్దలు తీసిపారేస్తారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారని అబూదావూద్ హదీసు గ్రంథం చెబుతోంది. మొదటిసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం సాధించిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన బడిపంతులు కూడా.

దుకాణం మూసేముందు యజమాని ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. బయానా ఇచ్చినవారికి డబ్బు తిరిగిచ్చారు. మరమ్మతుకొచ్చిన రాకెట్లను ఇళ్లకు పంపారు. బాకీ తీర్చలేని పేదల పేర్లు కొట్టేశారు.

"దుకాణం బంద్ చేయొచ్చుగానీ హిసాబ్ బంద్ కాదు కదా, మౌల్వీసాబ్!" అన్నారాయన.

అల్ బఖరా సూరాలో 282వ ఆయత్ అప్పును రాసిపెట్టుకోమంటుంది. 280వ ఆయత్ ఇబ్బందుల్లో ఉన్నవారికి గడువివ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని బోధిస్తుంది. ఆయన రెండూ పాటించారు.

మరి మన సంగతి? స్తోమత ఉండీ బాకీపడినవారి పేర్లు ఆ పుస్తకంలో ఇంకా ఉన్నాయి. దుకాణం లేదు గనుక బాకీ లేదనుకోవద్దు. ఈ జుమా నమాజు కాగానే ఆయన ఇంటికి వెళ్లండి. బడి కోసం తెచ్చిన వాలీబాల్ వల బాకీ నా పేరిటే ఉండేది. నిన్ననే తీర్చి వచ్చాను.